తుమ్మతోపు డేగ ఈగలు

బూడిద రంగు మా మైల ఎద్దు, వానలకు ముందు పురట్టాసి నెలలో ఒక మధ్యాహ్నం దున్నుతున్న చాలు మధ్యలో పడిపోయింది. పడే ముందు తల ఒక పక్కకు వాల్చి, కనపడని గానుగేదో లాగుతున్నట్టు ఉన్నచోటనే తిరిగింది. కాడి విరిగింది. దాని జత ఎద్దు కారి, మెడ మీద విరిగిన ముక్కతోనే దూరంగా జరిగి బుసకొట్టింది. నేను సద్దికుండ నెత్తిన పెట్టుకునే పరుగెత్తాను. నేను చేరేసరికి మా పాలేరు సంగిలి ఎద్దు తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దూడగా ఉన్నప్పటి నుంచి దాన్ని పెంచింది అతనే. పొద్దు వాలకముందే అది పోయింది.

అది శ్రీముఖ సంవత్సరం, ఇంగ్లీషు లెక్కలో ముప్పై మూడు. మా ఊరు కోయిల్‌పట్టికి తూర్పున, గాలి ఇటు తిరిగితే మిల్లు సంగు కూత వినపడేంత దూరంలో ఉంది. చుట్టూ నల్లరేగడి. వాన కోసం కాచుకుని, పదును ఉన్న నాలుగు రోజుల్లోనే విత్తనం వేసుకోవాలి. తప్పితే ఆ ఏడు అంతే. అలాంటి నెలలో ఎద్దు పోవడమంటే ఇంట్లో మనిషికి చెయ్యి విరగడమే.

ఇంట్లో అప్పుడు ఐదుగురం. మా అత్త అళగమ్మాళ్, ఆమె పెద్ద కొడుకు సీనివాసన్, ఆయన భార్య ముత్తులక్ష్మి అక్క, చిన్న కొడుకైన నా భర్త తిరుపతిసామి, నేను. మామ పోయినప్పటి నుంచి పెత్తనం సీనివాసన్ బావది. నేను కాపురానికి వచ్చి మూడేళ్ళయినా బావతో నేరుగా ఒక్క మాట ఆడింది లేదు. భర్త అన్నతో కోడలు మాట్లాడకూడదు, మాలో అది వాడుక. చెప్పవలసింది అత్తకు చెబుతాం, ఆమె ఆయనకు చెబుతుంది. అత్త లేకపోతే గోడకు చెబుతాం, ఆయన వింటాడు.

నాకు నోరు లేక కాదు. మా నాన ఎడ్ల బేరగాడు. చిన్నప్పుడు నన్ను బండిలో ఎక్కించుకుని ఎట్టయపురం సంతకు తీసుకువెళ్ళేవాడు. కన్ను చూసి జ్వరం, నడక చూసి బరువు, పేడ చూసి మేత చెప్పడం అక్కడే వచ్చింది. గొప్పకు అనడం లేదు, వచ్చింది కాబట్టి అంటున్నాను.

ఎద్దు పోయిన కబురు విని బావ చేనుకు వచ్చాడు. కాసేపు దాని కొమ్ముల వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కింద పడి ఉన్న ములుగర్ర తీసుకుని సంగిలి మీదికి వెళ్ళాడు.

"ఏం పెడితివిరా దీనికి?"

"ఏమీ పెట్టలా సామీ. ఎప్పుడూ పెట్టే జొన్న సొప్పే."

"మద్యానం యాడ కట్టేస్తివి?"

"ఎప్పుడూ కట్టే తావే సామీ. తుమ్మతోపులో."

"ఆ పెద్ద ఈగలుండే తావులోనా?"

సంగిలి ఎద్దు తలను మెల్లగా నేల మీదికి దించాడు. ఆ ఈగలను ఊళ్ళో అందరూ చూశారు. మా చేను అంచున, మేం ఓడ అనే చిన్న వాగు ఒడ్డున ఒక తుమ్మతోపు ఉండేది. గొడుగుల్లా పరుచుకున్న ముళ్ళ చెట్లు. వేసవి కడపట నుంచి వానలు ముదిరేవరకు ఆ చెట్లలో పెద్ద పెద్ద ఈగలు తిరిగేవి. రొద చేస్తూ పశువుల మెడల మీదికి దూకేవి.

"అవి కుట్టే సచ్చింది" అన్నాడు బావ. "ఈ అమావాసకు ఆ తోపును మొదలంటా కొట్టి కాలుస్తా. నువ్వు ఇంక మా సేనులో కాలు పెట్టొద్దు, పో."

సంగిలి లేచి, ఒంటికంటిన మన్ను దులుపుకోకుండానే వెళ్ళిపోయాడు.

*

మరునాటి నుంచి కారిని చూసుకునే మనిషి లేడు. మధ్యాహ్నం పూట నేనే దాన్ని తోపులో కట్టి, పక్కన కూర్చునేదాన్ని. జత పోయిన ఎద్దు మేత ముట్టదు, ఎవరైనా దగ్గరుండాలి. అలా కూర్చున్నప్పుడు ఆ ఈగను సరిగ్గా చూశాను.

ఎండిన కొమ్మ కొసన ఒంటరిగా కూర్చుని ఉంది. బూడిద రంగు పొడుగాటి ఒళ్ళు, గూని వీపు. తుప్పు రంగు కాళ్ళ నిండా ముళ్ళలాంటి వెంట్రుకలు. ముఖానికి తెల్లటి గడ్డం, రెండు పెద్ద కళ్ళ మధ్య గుంట. ఎండ ఎంత కాస్తే దానికి అంత హుషారు. మనిషి తిప్పినట్టే తల అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

ఉన్నట్టుండి దూకింది. కారి మెడ దగ్గర రొద, వెంటనే మళ్ళీ అదే కొమ్మ, అదే కొస. మొదటిసారి నాకూ బావ అన్నదే నిజమనిపించింది. రెండోసారి ఈగను వదిలి ఎద్దును చూశాను. ఆ ఈగ రాకముందే కారి చర్మం అలలు అలలుగా వణుకుతోంది, తోక కొట్టుకుంటోంది. ఈగ వచ్చి పోయాక వణుకు ఆగింది. కుట్టే ఈగైతే అది వచ్చాక కదా ఎద్దు అదరాలి?

లేచి కొమ్మ దగ్గరికి వెళ్ళాను. అది బెదరలేదు. కాళ్ళ మధ్య ఒక జోరీగను ఇరికించుకుని, దాని మెడ వెనక మూతి గుచ్చి పీలుస్తోంది. ఆకుపచ్చ కళ్ళ జోరీగ, పశువుల రక్తం తాగి బలిసింది. కొమ్మ కింద నేల చూద్దును కదా, అలాంటి జోరీగల డొల్లలు, రెక్కలు పొట్టులా రాలి ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి అత్త రోట్లో సజ్జలు దంచుతోంది. నేనూ రోకలి అందుకుని చూసిందంతా చెప్పాను.

"డేగ ఈగ" అంది అత్త. "మా అమ్మగారి ఊళ్ళో దాన్ని అట్ట అంటారు."

"మీకు ముందే తెలుసా అత్తా?"

"పేరు తెలుసు. పని తెలీదు."

"అందుకేనా మామ ఆ తోపు కొట్టకుండా పెట్టింది?"

అత్త నవ్వింది. "మీ మామకు మద్యాన నిద్ర ఆడ బాగా పట్టేది. అందుకు పెట్టినాడు. ఆయప్పను పెద్ద రుషిని చెయ్యొద్దు."

"బావకు చెప్పండత్తా. తోపు పోతే జోరీగలను పట్టేదే ఉండదు, కారిని కూడా పోగొట్టుకుంటాం."

అత్త దంచడం ఆపకుండానే అంది. "నేను చెప్తే అమ్మ మాట అని తల ఊపి, ఆయన అనుకునేదే చేస్తాడు. పెద్దోడు మొండోడు కాదు కమలం, బయపడేవాడు. బయపడేవాడికి నిజం దూరం నుంచి చెప్తే వినపడదు."

*

సాయంత్రం ఒక డేగ ఈగను చెంబులో పట్టి, మూతికి గుడ్డ కట్టి తెచ్చాను. వాకిట్లో బావ కాళ్ళు కడుక్కుని తిన్నె మీద కూర్చున్నాడు. నా భర్త పక్కన నిలబడి ఉన్నాడు. ముత్తులక్ష్మి అక్క పులుసు తెడ్డుతో కలుపుతోంది. నేను అత్త పక్కన నిలబడి, వాడుక ప్రకారం ఆమెకే చెబుతున్నట్టు చెప్పాను. జోరీగ డొల్లలు ఆకులో పెట్టి చూపించాను. తర్వాత ఈగ మూతి ఎంత పొట్టిదో, అది ఎద్దు తోలు కోసేది కాదని చూపిద్దామని గుడ్డ విప్పి వేళ్ళతో పట్టుకున్నాను.

కరిచింది. నిప్పురవ్వ తాకినట్టయి చెయ్యి విదిలించాను. ఈగ అక్క నెత్తి మీదుగా ఎగిరి గోడ దాటింది.

బావ నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "చూస్తివా అమ్మా? కరిచింది గదా. ఇంక ఏం సాచ్చెం కావాల?"

వేలు మంటెత్తుతోంది. దానికన్నా ఆ నవ్వు ఎక్కువ మండింది. నేను అత్త వైపు కాకుండా ఆయన వైపు తిరిగాను.

"గుప్పిట్లో పెట్టి నలిపితే నేనైనా కరుస్తాను బావా."

అక్క చేతిలో తెడ్డు ఆగింది. నా భర్త దగ్గాడు. బావ నా ముఖం చూడలేక గోడ వైపు తిరిగాడు.

"అమ్మా, ఆ పిల్లతో చెప్పు. అమావాసకు తోపు ఉండదని."

"ఆ పిల్ల ఇక్కడే ఉండాది బావా. నాతోనే చెప్పండి."

ఆయన లేచి, అన్నం తినకుండా బయటికి వెళ్ళిపోయాడు. అత్త నన్ను వేలికి సున్నం రాసుకోమంది, అంతే.

పొద్దున నేను లేచేసరికి నా భర్త ఒంటెద్దు బండికి కారిని కట్టి ఉన్నాడు. ఆయన మాటకారి కాదు. రోజుకు పది మాటలు ఆడితే ఎక్కువ.

"యాడికి?" అన్నాను.

"కోయిల్‌పట్టికి. సర్కారు పత్తితోటలో పురుగు పూచ్చిలు పట్టే సారొకడు ఉండాడంట. నీ ఈగను చూపించేదానికి."

"మీ అన్న ఏమంటాడో."

"అనేది నిన్ననే అనేసినాడు కదా. ఎక్కు."

పోతూ పోతూ తోపు దగ్గర బండి ఆపించి ఇంకో ఈగను చెంబులోకి పట్టాను. ఈసారి వేలు తగలనివ్వలేదు.

పూచ్చిలు పట్టే సారు పేరు రాజగోపాలన్. ఎండకు మెడ కమిలిన, సన్నటి మనిషి. పత్తి మొక్కల మధ్య వంగి ఏదో ఏరుతున్నాడు. మేం అరవంలోనే మాట్లాడుకున్నాం. చెంబులోని ఈగను సీసాలోకి మార్చి, అద్దంతో చూసి, మళ్ళీ చూసి, లోపలి నుంచి ఒక చెక్కపెట్టె తెచ్చాడు. అందులో సూదులకు గుచ్చిన ఈగలు వరసలుగా ఉన్నాయి.

"ఈ జాతే, కానీ ఈ రకం నా దగ్గర లేదు" అన్నాడు, పండగ వచ్చినవాడిలా. "ఇంగ్లీషులో వీటిని దొంగ ఈగలంటారమ్మా."

"దొంగ ఎట్లా అవుతుంది సార్? పట్టపగలు, అందరూ చూస్తుండగా పట్టుకుపోతుంది."

ఆయన పెద్దగా నవ్వాడు. ఎప్పుడు తిరుగుతుంది, ఏ కొమ్మ మీద కూర్చుంటుంది, ఇంకేం తింటుంది అని వరసగా అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. చేత్తో పట్టుకోవద్దు, కరుస్తుంది అని ఆయన అన్నప్పుడు వాచిన వేలు చూపించాను.

ఎద్దు ఎలా పోయిందో విన్నాక ఆయన నవ్వు పోయింది. పశువుల ఆసుపత్రి డాక్టరు కూడా ఇలాంటిదే చెబుతున్నాడన్నాడు. ఈ చుట్టుపక్కల చాలా ఎద్దులు అలాగే తిరిగి తిరిగి పడుతున్నాయట. రక్తంలో కంటికి కనపడని పురుగు చేరుతుంది. దాన్ని ఒక పశువు నుంచి ఇంకొక పశువుకు మోసేది జోరీగ.

"మా తోపు అమావాస్యకు కాలుస్తున్నారు" అన్నాను.

"నేను వస్తాను" అన్నాడు ఆయన. కారి చెవి నుంచి రక్తపు చుక్క తీయించి ఆసుపత్రికి పంపే ఏర్పాటు కూడా ఆయనే చేశాడు. పురుగు లేదని తర్వాత తెలిసింది.

*

అమావాస్య నాడు పొద్దెక్కాక బావ ఇద్దరు గొడ్డలి మనుషులతో, కిరసనాయిలు డబ్బాతో తోపుకు వచ్చాడు. రాజగోపాలన్ సారు అప్పటికే నల్లమట్టిలో సైకిలు నడిపించుకుంటూ వచ్చి, పొడుగు కర్రకు కట్టిన వలతో చెట్ల కింద తిరుగుతున్నాడు. నేను సంగిలికి కూడా కబురు పెట్టాను. అతను చేలోకి రాలేదు. గట్టు అవతల నిలబడ్డాడు. కాలు పెట్టొద్దన్న మాట అతనికి గుర్తుంది.

"ఎవురు వీరు?" అన్నాడు బావ.

"సర్కారు తోట సారు" అన్నాడు నా భర్త. "ఒక్క గడియ ఆగన్నా. ఎండ ముదరనీ."

బావ ఆగాడు. సర్కారు మనిషి ముందు రచ్చ చేయడం ఇష్టం లేకనో, కాల్చడానికి గాలి సరిగ్గా లేకనో. కారి తుమ్మ మొదలుకు కట్టి ఉంది. నేను దాని పక్కన కూర్చున్నాను. బావ నాలుగడుగుల దూరంలో, భుజం మీద ఉతికిన తెల్ల తువ్వాలుతో నిలబడ్డాడు.

సారు ఎండుకొమ్మల కొసల్లో సున్నం ముద్దల్లా తెల్లగా అంటుకుని ఉన్న వాటిని చూపించాడు. అవి ఆ ఈగ గుడ్లు. ఇప్పుడు కాల్చితే వచ్చే ఏటి ఈగలు కూడా ఇప్పుడే పోతాయన్నాడు. 

ఎండ నడినెత్తికి వచ్చింది. కారి చర్మం వణకడం మొదలైంది. ఒక జోరీగ దాని మెడ మడతలో దిగింది. తాగుతోంది, బలుస్తోంది. కొట్టేద్దామని చెయ్యి పీకుతున్నా ఆపుకున్నాను. తాగి లేచిందో లేదో, పైనుంచి రొద. డేగ ఈగ దాన్ని గాలిలోనే అందుకుంది. ఎప్పుడూ తన కొమ్మకే వెళ్ళేది, ఆ రోజు ఎందుకో వెళ్ళలేదు. తిన్నగా వెళ్ళి బావ భుజం మీద, ఆ తెల్ల తువ్వాలు మీద వాలింది.

బావ చెయ్యి లేచింది.

"కదలకండి" అన్నాడు సారు, చాలా మెల్లగా.

చెయ్యి సగంలో ఆగింది. ఈగ తాపీగా జోరీగను సర్దుకుని, మెడ వెనక మూతి దింపింది. బావ మెడ తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకు తిప్పి దాన్ని చూస్తున్నాడు. అంత దగ్గరగా అప్పటిదాకా నేనూ చూడలేదు. గొడ్డలి మనుషులు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఎంతసేపు గడిచిందో నేను చెప్పలేను. బావ చెయ్యి గాలిలోనే ఉంది, నొప్పి పుట్టినా దించలేదు. ఈగ తిని ముగించి, డొల్లను వదిలేసి, ముందుకాళ్ళతో గడ్డం తుడుచుకుని ఎగిరిపోయింది.

తువ్వాలు మీద ఎర్రటి చుక్క ఉంది. బావ డొల్లను రెండు వేళ్ళతో తీసి చూశాడు.

"ఇది కారి రక్తమా?" అన్నాడు.

"ఆమా బావా, కారిదే."

ఆయన తువ్వాలు మడిచి చంకన పెట్టుకుని, గొడ్డలి మనుషులను పొమ్మన్నాడు. డబ్బా ఇంటికి మొయ్యమన్నాడు. తర్వాత గట్టు దాకా నడిచి వెళ్ళాడు.

"సంగిలీ, లోపలికి దా. నేను అన్న మాట వదిలెయ్యి."

సంగిలి కదలలేదు. "ఎద్దు సచ్చింది సామీ. అది నా చేతిలో పెరిగింది. దాని కోసరం ఏడవాలనుంటి. మీరు నన్ను ఏడవనీలా. దొంగను చేస్తిరి."

పాలేరు అలా అనడం, భూమిగలవాడు తల దించుకుని వినడం ఆ ఊళ్ళో నేను అంతకు ముందు చూడలేదు. బావ అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి సంగిలి తానే గట్టు దిగి వచ్చి కారి గంగడోలు నిమిరాడు. అప్పుడు ఏడ్చాడు. మేమందరం అటు తిరిగి నిలబడ్డాం.

సారు వలతో కొన్ని ఈగలను పట్టుకుని, చాలు అని తానే అనుకుని వెళ్ళిపోయాడు. నా భర్త ఆయనను దారి దాకా సాగనంపడానికి వెళ్ళాడు. బావ తుమ్మ నీడలో చతికిలబడ్డాడు. నన్ను చూసి, గోడ కోసం వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసి, చివరికి నాతోనే అన్నాడు.

"నీకు విత్తేది ఎప్పుడో తెలుసా?"

"తెలుసు."

"ఎట్ట తెలుస్తుంది? నాకు తెలీదు. నాన పోయినప్పటి నుంచి ప్రతి ఏడూ ఊళ్ళో వేరేవాళ్ళు ఎప్పుడు వేస్తే అప్పుడు వేస్తుండా. ఎద్దు పడితే నాకు ఏమీ తెలీలా. పెద్దోడు ఊరికే నిలుచుంటే ఎట్ట? ఏదో ఒకటి చెయ్యాల కదా. అందుకు తోపును కాలుస్తానంటిని."

నేను కారి ముందుకు మేత తోశాను.

"పత్తి కోసి తెస్తే దాన్ని చేతిలో పట్టుకునేది ఇష్టం. పండించేది కాదు. నాన పోయినప్పుడు నన్ను ఎవురూ అడగలా, నువ్వు చేస్తావా అని. పెద్దోడివని తువ్వాలు భుజం మీద వేసేసిరి."

"ఇప్పుడు నేను అడుగుతుండా బావా."

ఆయన చాలాసేపు కారి మేత మేస్తుంటే చూశాడు. ఆ రోజే అది మళ్ళీ మేత ముట్టింది.

"ముత్తులక్ష్మి అన్నకు విరుదునగర్‌లో పత్తి మండీ ఉండాది. ఎన్నో తూరి పిలిచినాడు" అన్నాడు.

*

ఇంట్లో ఆ మాట చెప్పినప్పుడు అక్క ముఖం వెలిగిపోయింది. అత్త ముఖం నల్లబడింది.

"పెద్దోడు పోతే ఊరు ఏమనుకుంటుంది? ఇల్లు చీలిందంటారు" అంది.

"చీలేది ఏముండాది అమ్మా? బూమి నీదే. నేను అమ్మకం చూస్తా, వీళ్ళు పంట చూస్తారు."

"వీళ్ళంటే? తిరుపతిసామా?"

నా భర్త తల అడ్డంగా ఊపాడు. "నాకు చేసేది వచ్చు, చెప్పేది రాదు. చెప్పేది కమలం చెప్పనీ."

అత్త చాట అందుకుని సజ్జలు చెరగసాగింది. బావ, అక్క మరుసటి నెల, ఐప్పసి మొదట్లో రైలెక్కారు. వాళ్ళు పోయిన వారానికే వాన కురిసింది. రాత్రంతా కురిసి తెల్లారి వెలిసింది. మా నాన తన ఎడ్ల జతను తోలుకుని తానే నడిచి వచ్చాడు. ఊరంతా విత్తనాల గంపలు బయటికి తీస్తోంది. సంగిలి, కూలివాళ్ళు మా వాకిట్లో నిలబడి అత్త వైపు చూశారు.

అత్త నా వైపు తిరిగింది. "ఈ దినమా, రేపా?"

చేనుకు వెళ్ళి మట్టి తీసి పిడికిట బిగించాను. వేళ్ళ సందుల్లోంచి జిగురుగా వచ్చింది. "ఎల్లుండి" అన్నాను.

ఎల్లుండే వేశాం. ముందు వేసినవాళ్ళ చేలల్లో మట్టి పైన గట్టిపడి మొలక చిక్కుకుంది. మాది వరస తప్పకుండా లేచింది. మా నాన గట్టు మీద నిలబడి చూసి, మెచ్చుకోలుగా ఒక్క మాటైనా అనకుండా తన ఎడ్లను తోలుకుని వెళ్ళిపోయాడు. ఆయన మెచ్చుకోవడం అంతే.

సాయంత్రాలు వేపాకు పొగ వేసి పశువులను జోరీగల నుంచి కాపాడుకున్నాం. మధ్యాహ్నాల కాపలా తోపుదే. ఊళ్ళో ఇంకో రెండు ఎద్దులు పోయాయి. కారికి ఏమీ కాలేదు. కాబట్టి డేగ ఈగలే కాపాడాయని నేను ఒట్టు పెట్టి చెప్పను. కానీ మరుసటి ఏటి నుంచి పక్క చేలవాళ్ళు కూడా పశువులను మా తోపులో కట్టుకుంటామని అడిగారు. కట్టుకోమన్నాం.

కార్తికంలో రాజగోపాలన్ సారు మళ్ళీ వచ్చాడు. తన ఈగలను పై ఆఫీసుకు పంపాడట, అక్కడి పెద్దవాళ్ళు కూడా దానికి పేరు తేల్చలేకపోయారట. ఆ మాట చెబుతూ చిన్నబుచ్చుకున్నాడు.

"మా అత్తకు తెలిసిన పేరు ఉంది కదా సార్" అన్నాను. ఆయన ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

*

ఎండలు మొదలయ్యే పంగుని నెలలో మొదటి కోత పత్తి రెండు బళ్ళకు వచ్చింది. ముందు బండి నా భర్త తోలాడు, వెనక బండి సంగిలి. నేను ముందు బండిలో మూటల మీద కూర్చున్నాను. విరుదునగర్ చేరేసరికి ఎండ ముదిరింది. మండీ వీధి పొడుగునా మిరపకాయల ఘాటు. తుమ్ముతూనే దిగాను.

బావను మొదట గుర్తుపట్టలేదు. మోకాళ్ళ దాకా పంచె ఎగగట్టి, తలలో, కనుబొమల్లో పత్తి పోగులతో, పదిమంది మధ్యలో నిలబడి గట్టిగా అరవంలో ఏదో వాదిస్తున్నాడు. మా ఇంట్లో ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. చిటికెడు దూది తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, తెగిన కొసను వెలుతురులో చూసి, ఇది ఫలానా ఊరి పక్క పత్తి అంటున్నాడు. ఎదుటివాళ్ళు అవునంటున్నారు.

మమ్మల్ని చూసి వచ్చాడు. నా భర్త భుజం తట్టాడు. సంగిలిని, కాళ్ళు నొప్పా అని అడిగాడు. తర్వాత మా మూటలు ఒక్కొక్కటీ విప్పించి చెయ్యి పెట్టి చూశాడు. పైనున్నది మెచ్చుకున్నాడు. పోగు పొడుగుందన్నాడు. పక్కనున్న వ్యాపారి ఇది ఎవరి పంట అని అడిగితే, నా వైపు చెయ్యి చూపి, "మా కమలం పంట" అన్నాడు. నాకు ఒళ్ళు పొంగింది.

అప్పుడు అడుగు మూటలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఒక గుప్పెడు తీసి వాసన చూశాడు.

"కమలం, ఇది మంచు ఆరకముందే కోసింది."

"లేదు బావా."

"చూడు." గుప్పెడు నా చేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. ఆ రోజు నేను తొందరపడి పొద్దున్నే కూలివాళ్ళను దించిన మాట నిజమే. ఆయన అక్కడ లేడు, చెయ్యి పెట్టి కనిపెట్టేశాడు.

"దీన్ని ఈ దినం తూకం వెయ్యను" అన్నాడు. "మా ఇంటి మూటని చెప్పి వేస్తే రేపు నా మాట ఎవురు వింటారు?"

వ్యాపారి ముందు, సంగిలి ముందు, నా భర్త ముందు అన్నాడు. నాకు కోపం వస్తుందేమో అని నా భర్త నా ముఖం చూశాడు. రాలేదు. తన పని తెలిసిన మనిషి ఎదుట నిలబడితే కోపం రాదు.

"ఎండబెట్టి ఇస్తా బావా. తావు చూపించండి."

మండీ వెనక డాబా మీద ఎండలో ఇద్దరం ఆ మూట గుమ్మరించి పరిచాం. ఆయన ఒక పక్క నుంచి, నేను ఒక పక్క నుంచి. గాలికి పోగులు లేస్తుంటే ఆయన చేతులు అడ్డం పెట్టి నవ్వుతున్నాడు. కింద నుంచి ముత్తులక్ష్మి అక్క అన్నానికి పిలిచింది.

"నువ్వు పో" అన్నాడు బావ. "నేను కాకులు వాలకుండా చూసుకుంటా."

"మీరు పోండి బావా, పొద్దున నుంచి నిలుచుండారు."

ఇద్దరం పోలేదు. అక్కే విసుక్కుంటూ రెండు ఆకులు పైకి తెచ్చి, ఆ తెల్లటి పత్తికి అటొకటి ఇటొకటి వేసి వడ్డించింది.